ఎనిమిది చక్రాల కవచ వాహనం స్ట్రైకర్: పుట్టుక, రకాలు, తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా సైన్యం వాడే స్ట్రైకర్ గురించి తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఎన్‌సీసీ కేడెట్లు, సైన్యంలో అధికారుల ఎంపికకు జరిగే సీడీఎస్ పరీక్షకు చదివే డిగ్రీ విద్యార్థులు, సైన్స్ ఎగ్జిబిషన్‌కు నమూనాలు చేసే బడిపిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులివి. చదివేముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ బండి కథలో ఏ మలుపు తీసుకున్నా దాని వెనక బరువు లెక్కే ఉంటుంది. మందమైన కవచం, పెద్ద తుపాకీ, నీటిలో ఈత, విమానంలో ప్రయాణం అన్నీ ఒకే బండిలో ఇమడవు. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి.

స్ట్రైకర్ ట్యాంకా?

కాదు. ట్యాంకు ఇంకో ట్యాంకును కొట్టడానికి. స్ట్రైకర్ సైనికులను తూటాల మధ్య నుంచి క్షేమంగా తీసుకెళ్లి దించడానికి. ఇద్దరు సిబ్బంది, తొమ్మిది మంది సైనికులు ఇందులో కూర్చుంటారు. ట్యాంకుకు గొలుసు పట్టాలుంటాయి, దీనికి ఎనిమిది రబ్బరు టైర్లు. మామూలు రోడ్డు మీద గంటకు 97 కిలోమీటర్ల దాకా పోతుంది, ఒకసారి డీజిల్ నింపితే సుమారు 500 కిలోమీటర్లు నడుస్తుంది. గొలుసు బండి అంత దూరం సొంతంగా పోతే పట్టాలూ అరుగుతాయి, రోడ్డూ పాడవుతుంది. అందుకే ట్యాంకులను ట్రైలర్ల మీదో రైలు మీదో తరలిస్తారు.

ఇది అమెరికా వాళ్ళు మొదటి నుంచీ సొంతంగా చేసిందేనా?

కాదు. మూలం స్విట్జర్లాండ్‌లో ఉంది. క్రూట్స్‌లింగన్ ఊర్లోని మోవాగ్ కంపెనీ 1970లలో పిరానా అనే బండిని తయారుచేసింది. ఒకే డిజైన్‌ను నాలుగు, ఆరు, ఎనిమిది చక్రాలతో చేయగలగడం దాని గొప్పతనం. కెనడా ఆ డిజైన్‌కు లైసెన్స్ తీసుకుని ముందు ఆరు చక్రాల కూగర్, గ్రిజ్లీ, హస్కీ బండ్లు చేసింది. తరువాత అమెరికా మెరీన్ దళానికి ఎనిమిది చక్రాల ల్యావ్-25 వచ్చింది. 25 మి.మీ. తుపాకీ ఉన్న ఈ బండి నీటిలో ఈదగలదు.

ఆ తరువాతి అడుగు కెనడా సైన్యానికి చేసిన ల్యావ్-3. పిరానా మూడో తరం దీనికి ఆధారం. ఈ ల్యావ్-3 మీది 25 మి.మీ. టరెట్‌ను, అంటే తుపాకీతో పాటు తిరిగే గోపురాన్ని తీసేసి, లోపల మనుషులకు చోటు పెంచి, పైన రిమోట్‌తో తిరిగే చిన్న తుపాకీ పెడితే వచ్చిన బండి స్ట్రైకర్. ఈ వరసను గుర్తుంచుకుంటే ఫోటోలో తికమక సగం తగ్గుతుంది. టరెట్ ఉంటే ల్యావ్ అయ్యే అవకాశం ఎక్కువ. పైన చదునుగా ఉండి ఒక రిమోట్ తుపాకీ మాత్రమే కనిపిస్తే స్ట్రైకర్.

అమెరికాకు అబ్రామ్స్ ట్యాంకులుండగా ఇది ఎందుకు అవసరమైంది?

1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సౌదీకి ముందుగా చేరింది విమానాల్లో దిగిన తేలికపాటి దళాలు. వాళ్ల దగ్గర ట్యాంకులను నిలువరించే బలం తక్కువ. బరువైన ట్యాంకులు ఓడల్లో రావడానికి వారాలు పట్టింది. 1999లో కొసావో యుద్ధ సమయంలో అల్బేనియాకు బలగాలను పంపినప్పుడు ఇదే ఇబ్బంది ఎదురైంది. అక్కడి రోడ్లు, వంతెనలు భారీ ట్యాంకులను మోయలేవు. తేలిక దళం త్వరగా వస్తుంది కానీ నిలవలేదు, బరువు దళం నిలుస్తుంది కానీ త్వరగా రాలేదు. ఈ రెంటి మధ్య ఒక దళం కావాలని అప్పటి సైన్యాధిపతి జనరల్ ఎరిక్ షిన్సెకి 1999 అక్టోబరులో ప్రకటించారు.

2000 నవంబరులో కాంట్రాక్టు ఖరారైంది. 2,131 బండ్లు, విలువ సుమారు 400 కోట్ల డాలర్లు. గొలుసు బండిని ప్రతిపాదించిన పోటీ కంపెనీ అభ్యంతరం చెప్పింది కానీ ఆ అభ్యంతరం 2001లో నిలబడలేదు. 2003 చివర్లో మొదటి బ్రిగేడ్ ఇరాక్ చేరింది.

ఆ పేరుకు అర్థం ఏమిటి?

కొట్టేది అనే అర్థంలో పెట్టలేదు. ఇంటర్వ్యూల్లో చాలామంది ఇక్కడే పొరబడతారు. అమెరికా అత్యున్నత శౌర్య పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ పొందిన ఇద్దరు సైనికుల ఇంటిపేరు అది. స్టువర్ట్ స్ట్రైకర్ 1945లో జర్మనీలో, రాబర్ట్ స్ట్రైకర్ 1967లో వియత్నాంలో ప్రాణాలిచ్చారు. ఇద్దరికీ చుట్టరికం లేదు. 2002 ఫిబ్రవరిలో ఈ పేరు పెట్టారు.

లోపల ఏది ఎక్కడ ఉంటుంది?

ముందు ఎడమవైపు డ్రైవరు, ఆయన పక్కన కుడివైపు ఇంజను. మొదటి బండ్లలో 350 హార్స్‌పవర్ క్యాటర్‌పిల్లర్ డీజిల్ ఇంజను, దానికి ఆలిసన్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. వెనక సైనికులు బెంచీల మీద ఎదురెదురుగా కూర్చుంటారు. చివర కిందికి వాలే పెద్ద ర్యాంపు, దానిలోనే చిన్న తలుపు.

ఇంజను ముందు ఉండడం వల్ల ర్యాంపు వెనకకు వచ్చింది. బండినే అడ్డు పెట్టుకుని సైనికులు దిగగలరు. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉండేది రష్యా కవచ బండి బీటీఆర్. దాని సంగతి కింద ఉంది.

వెనక నాలుగు చక్రాలు ఎప్పుడూ ఇంజను బలంతో తిరుగుతాయి. నేల బాగా లేకపోతే డ్రైవరు మొత్తం ఎనిమిదికీ బలం కలపవచ్చు. ముందు నాలుగు చక్రాలు మలుపు తీసుకుంటాయి.

రకాలు ఎన్ని? ఫోటో చూసి ఎలా చెప్పాలి?

మొదటి తరంలో పది రకాలు, ఎం1126 నుంచి ఎం1135 దాకా. బండి అడుగు భాగం, ఇంజను, చక్రాలు అన్నింటికీ ఒకటే. అందువల్ల స్పేర్ పార్టులు, మెకానిక్ శిక్షణ రెండూ కలిసొస్తాయి.

ఎం1126 సైనికులను మోసే మూల రకం. పైన రిమోట్ తుపాకీ, అందులో 12.7 మి.మీ. ఎం2 మెషీన్ గన్ గానీ 40 మి.మీ. గ్రెనేడ్ లాంచర్ గానీ ఉంటుంది. ఎం1127 శత్రువు జాడ కనిపెట్టేది. ఎం1128 మీద 105 మి.మీ. ఫిరంగి ఉంటుంది కాబట్టి పొడవాటి గొట్టం చూడగానే తెలిసిపోతుంది. ఎం1129 లోపల 120 మి.మీ. మోర్టార్, కాల్చేటప్పుడు పైకప్పు పెద్ద తలుపులు తెరుచుకుంటాయి. ఎం1130 కమాండరుది. దాని మీద యాంటెనాలు ఎక్కువ. ఎం1131 ఫిరంగి దళానికి గురి చూపేది. ఎం1132 ఇంజినీర్లది, ముందు మందుపాతరలను తొలగించే బ్లేడు గానీ రోలర్లు గానీ ఉంటాయి. ఎం1133 అంబులెన్సు. దాని వెనక భాగం కప్పు ఎత్తుగా పెట్టెలా ఉంటుంది, ఆయుధం ఉండదు. ఎం1134 మీద ట్యాంకులను కొట్టే టో క్షిపణి లాంచర్, అది పైకి లేస్తుంది. ఎం1135 రసాయన, జీవ, అణు ప్రమాదాలను పసిగట్టేది.

తికమక పెట్టేవి 1126, 1127, 1130, 1131. దూరం నుంచి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. యాంటెనాల సంఖ్య, పైన ఉన్న సెన్సర్ చూసి గానీ చెప్పకూడదు.

ఫిరంగి ఉన్న ఎం1128ను ఎందుకు తీసేశారు?

పెద్ద ఫిరంగిని చిన్న బండి మీదికి ఎక్కించినప్పుడు వచ్చే కష్టాలన్నీ దీనికి వచ్చాయి. ముగ్గురే సిబ్బంది కాబట్టి గుండు నింపడానికి మనిషి లేడు, ఆటోలోడరు పెట్టారు. మొత్తం 18 గుండ్లు. ఆ ఆటోలోడరే పదేపదే మొరాయించింది. మొదట్లో లోపల ఏసీ లేదు. ఇరాక్ ఎండలో ఎలక్ట్రానిక్ పరికరాలు వేడెక్కేవి, సిబ్బంది చల్లని నీరు తిరిగే కోట్లు తొడుక్కుని కూర్చోవాల్సి వచ్చింది. పైగా దీని అడుగు చదునుగానే మిగిలింది, మందుపాతరలను తట్టుకునే కొత్త వీ ఆకారపు అడుగు దీనికి రాలేదు. 2021లో సైన్యం దీన్ని పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. మిగతా రకాలు బతికాయంటే వాటి మీద మోయలేని బరువు పెట్టకపోవడం ఒక కారణమని చెప్పవచ్చు.

టైరుకు తూటా తగిలితే బండి ఆగిపోతుందా?

ఆగదు. ప్రతి టైరు లోపల గట్టి రన్‌ఫ్లాట్ చుట్టు ఉంటుంది. గాలి పూర్తిగా పోయినా బరువు ఆ చుట్టు మీద పడుతుంది, వేగం తగ్గించి ప్రమాదం దాటేదాకా పోవచ్చు. ఎనిమిదిలో ఒకటి రెండు పోయినా మిగిలినవి మోస్తాయి.

అసలు తెలివి గాలి పీడనం మార్చే ఏర్పాటులో ఉంది. డ్రైవరు సీట్లోంచి లేవకుండా బటను నొక్కి అన్ని టైర్ల గాలినీ పెంచవచ్చు, తగ్గించవచ్చు. నాలుగు స్థాయిలుంటాయి: తారు రోడ్డు, మట్టి బాట, ఇసుక లేదా బురద, అత్యవసరం. స్వర్ణముఖి ఇసుకలో దిగబడిన ట్రాక్టరును చూసినవాళ్ళకు దీని అవసరం వెంటనే అర్థమవుతుంది. గాలి గట్టిగా ఉంటే టైరు నేలను తాకే చోటు చిన్నది, బరువంతా అక్కడే పడి ఇసుకను తవ్వుకుంటుంది. గాలి తగ్గిస్తే టైరు పరుచుకుని బరువు పంచుకుంటుంది.

తప్పు జరిగేది ఇసుక దాటిన తరువాత. గాలి మళ్లీ పెంచకుండా తారు రోడ్డు మీద వేగంగా పోతే టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా మడతపడి వేడెక్కుతాయి. ఆ వేడికి పొరలు విడిపోయి టైరు చీలుతుంది. అందుకే తక్కువ గాలి స్థాయిల్లో వేగానికి హద్దు ఉంటుంది. మామిడి సీజన్లో ఓవర్‌లోడు లారీలు ఎండలో టైర్లు పేల్చుకునేది కూడా ఇదే కారణంతో. అక్కడ గాలి తక్కువ కాకపోయినా బరువు ఎక్కువ, ఫలితం ఒకటే.

బండి చుట్టూ ఇనుప పంజరంలా ఉండేది ఏమిటి?

ఆర్‌పీజీ రాకెట్లను ఆపడానికి పెట్టిన కమ్మీల కవచం. మామూలు పీజీ-7 రాకెట్ తల 85 మి.మీ. వ్యాసం ఉంటుంది. కమ్మీల మధ్య సందు అంతకంటే తక్కువ. రాకెట్ ముక్కు సందులోకి దూరి, పక్కలు కమ్మీలకు గుద్దుకుని నలిగిపోతాయి. ముక్కు నుంచి వెనకకు పోయే విద్యుత్ దారి దెబ్బతిని, మందు సరిగ్గా పేలదు. ముక్కు నేరుగా కమ్మీకే తగిలితే మాత్రం పేలుతుంది. అంటే ఇది ప్రతిసారీ కాపాడేది కాదు, ప్రమాదాన్ని బాగా తగ్గించేది.

దీని బరువు రెండు టన్నుల పైమాటే, సుమారు 2,300 కిలోలు. సుమారు 16.5 టన్నుల బండి ఒక్కసారిగా 19 టన్నులకు దగ్గరైంది. లెక్క వేసి చూడండి. 350 హార్స్‌పవర్‌ను 16.5తో భాగిస్తే టన్నుకు 21, 19తో భాగిస్తే 18. వెడల్పు పెరిగి సందుల్లో తిరగడం కష్టమైంది. టైర్లు త్వరగా అరిగాయి. గాలిని తనంతట తాను సరిచేసే ఏర్పాటు ఈ బరువుకు సరిపోక, సిబ్బంది రోజుకు మూడుసార్లు చేత్తో చూసుకోవాల్సి వచ్చింది. సీ-130 రవాణా విమానంలో ఎక్కించాలన్న మొదటి షరతు కూడా ఈ పంజరంతో కుదరదు.

బుల్లెట్‌ప్రూఫ్ కారుకూ దీనికీ తేడా ఏమిటి?

మన ఊరి వాళ్ళు ఈ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద క్లేమోర్ మైన్లు పేలాయి. ఆయన ప్రయాణిస్తున్నది బుల్లెట్‌ప్రూఫ్ అంబాసిడర్. గాయాలతో బయటపడ్డారు.

క్లేమోర్ పక్క నుంచి ఇనుప ముక్కలను చిమ్ముతుంది. పక్క గోడల కవచం అలాంటి ముక్కలకు కొంతవరకు అడ్డం పడుతుంది. నేలలో పాతిన మందుపాతర దెబ్బ వేరు. అది కింద నుంచి బండిని మొత్తంగా పైకి ఎత్తేస్తుంది. కవచానికి రంధ్రం పడకపోయినా లోపలివాళ్ళ కాళ్ళు, వెన్నెముక విరుగుతాయి. పక్క గోడ ఎంత మందంగా ఉన్నా ఇక్కడ పనికిరాదు.

స్ట్రైకర్ మూల ఉక్కు శరీరం 7.62 మి.మీ. తూటాలకు నిలుస్తుంది. దాని మీద బిగించే సిరామిక్ పలకలు 14.5 మి.మీ. తూటాను ఆపడానికి. సిరామిక్ తూటా మొనను పగలగొడుతుంది, వెనకున్న ఉక్కు మిగిలిన ముక్కలను పట్టుకుంటుంది. 2003లో ఇరాక్‌కు పంపేముందు కొన్ని పలకల నాణ్యత సరిగ్గా లేదని పరీక్షల్లో తేలింది, వాటి వెనక 3 మి.మీ. ఉక్కు రేకు అదనంగా వేశారు. మళ్లీ బరువే.

కింది నుంచి వచ్చే దెబ్బకు జవాబు 2011లో అఫ్గానిస్తాన్ చేరింది. అంతకుముందు చదును అడుగు ఉన్న బండ్లు కాందహార్ ప్రాంతంలో మందుపాతరలకు బాగా నష్టపోయాయి. కొత్త బండికి అడుగు రెండు వీ ఆకారాల్లో ఉంటుంది. పేలుడు వాయువు వాలు వెంట పక్కలకు జారిపోతుంది. ఒకే వీ పెడితే మధ్యలో చాలా లోతుగా దిగాలి, బండి ఎత్తు పెరుగుతుంది. రెండు చిన్న వీలు పెడితే ఎత్తు అదుపులో ఉంటుంది. పేలుడు అదురు నేరుగా వెన్నుకు తగలకుండా సీట్లు కూడా మార్చారు.

ఆ తరువాత ఏం మారింది?

బరువుకు తగ్గ బలం వచ్చింది. రెండు వీల అడుగు ఉన్న డీవీహెచ్ ఏ1 అనే రకంలో 450 హార్స్‌పవర్ ఇంజను, గట్టి సస్పెన్షన్, 910 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టారు. రేడియోలు, తెరలు, సెన్సర్లు తినే కరెంటు అంతగా పెరిగింది.

2014లో రష్యా క్రిమియాను ఆక్రమించాక, జర్మనీలో ఉన్న రెండవ కావల్రీ రెజిమెంట్ పెద్ద తుపాకీ అడిగింది. మనిషి లేని టరెట్‌లో 30 మి.మీ. తుపాకీతో డ్రాగూన్ వచ్చింది. డ్రోన్లు, హెలికాప్టర్లను కూల్చడానికి స్టింగర్ క్షిపణులు, 30 మి.మీ. తుపాకీ ఉన్న ఇంకో రకం 2021లో జర్మనీ చేరింది. దాని పేరు సార్జెంట్ స్టౌట్.

నీటిలో ఈదుతుందా? భారత్ కొంటోందా?

స్ట్రైకర్ ఈదదు. సుమారు 1.2 మీటర్ల లోతు నీటిలో నడిచిపోగలదు, అంతే. తాత అయిన ల్యావ్-25 ఈదగలిగేది. కవచం పెరిగాక తేలే గుణం పోయింది.

కాలువలు, నదులు దాటాల్సిన మన సరిహద్దులకు ఇది పెద్ద లోటు. 2025 ఫిబ్రవరిలో భారత్, అమెరికా సంయుక్త ప్రకటనలో స్ట్రైకర్ పేరు చేరింది. మన దగ్గర డీఆర్‌డీఓకు చెందిన వీఆర్‌డీఈ, టాటా కలిసి చేసిన ఎనిమిది చక్రాల బండి ఉంది. దాన్ని 2014 డిఫెక్స్‌పోలో కెస్ట్రల్ పేరుతో చూపారు, ఇప్పుడు వ్యాప్ అంటున్నారు. ఇది ఈదుతుంది. దీని నుంచి వచ్చిన ఐపీఎంవీ 2022 ఏప్రిల్‌లో సైన్యంలో చేరింది. మొరాకో సైన్యం కోసం వ్యాప్ బండ్లు చేయడానికి టాటా ఆ దేశంలోని బెర్రెచిద్‌లో పెట్టిన ఫ్యాక్టరీని 2025 సెప్టెంబరులో రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ ప్రారంభించారు. ఎద్దుమైలారంలో తయారయ్యే సారథ్ బీఎంపీ-2తో వ్యాప్‌ను కలపకండి, అది గొలుసు బండి.

ఘాట్ రోడ్డు ఎక్కగలదా? చెరువుకట్ట మీద పోగలదా?

60 శాతం వాలు, అంటే సుమారు 31 డిగ్రీలు ఎక్కగలదు. తిరుమల ఘాట్ వాలు దానికి లెక్క కాదు. చెరువుకట్టే ప్రమాదం. 2003 డిసెంబరులో ఇరాక్‌లో కాలువ గట్టు విరిగి రెండు స్ట్రైకర్లు నీళ్లలోకి బోర్లాపడి ముగ్గురు సైనికులు చనిపోయారు. పక్క వాలు 30 శాతం దాటకూడదు. గట్టు అంచు మెత్తగా ఉంటే అంత వాలు లేకపోయినా బోల్తా పడుతుంది.

బీటీఆర్-80తో ఎందుకు పొరబడతారు?

దానికీ ఎనిమిది చక్రాలే. తేడా పక్క నుంచి చూడండి. బీటీఆర్-80కి ఇంజను వెనక ఉంది, కాబట్టి సైనికులు రెండో, మూడో చక్రాల మధ్య తలుపు నుంచి దిగాలి. ఆ తలుపు రెండుగా విడిపోయి పైభాగం పక్కకు, కిందిది మెట్టులా తెరుచుకుంటుంది. పాత బీటీఆర్-60లో రెండు పెట్రోలు ఇంజన్లుండేవి, ఒక్కొక్కటి రెండు ఇరుసులను తిప్పేది. రెండింటినీ సమానంగా నడపడం మెకానిక్‌లకు తలనొప్పి. 80లో 260 హార్స్‌పవర్ కామాజ్ డీజిల్ ఒక్కటే పెట్టి ఆ బాధ తీర్చారు.

ఎగ్జిబిషన్‌కు నమూనా చేయాలి. కొలతలు చెప్పండి.

1:20 స్కేలు బాగుంటుంది. అసలు బండి 6.95 మీటర్ల పొడవు, 2.72 వెడల్పు, 2.64 ఎత్తు. నమూనాకు 34.75, 13.6, 13.2 సెంటీమీటర్లు. 5 మి.మీ. సన్‌బోర్డ్ తీసుకోండి. రెండు పక్క గోడలు కలిపి ఒక సెంటీమీటరు తింటాయి కాబట్టి అడ్డపలకలు 12.6 సెంటీమీటర్లే కోయాలి. ఎక్కువమంది ఇక్కడ తప్పు చేసి, చివరికి వెడల్పు ఎక్కువైందని తల పట్టుకుంటారు.

చక్రం వ్యాసం సుమారు 5.6 సెంటీమీటర్లు, మందం 1.5. మూడు సన్‌బోర్డ్ బిళ్ళలు అంటిస్తే సరిగ్గా అంతే వస్తుంది. ఎనిమిది చక్రాలకు 24 బిళ్ళలు, రెండు మూడు ఎక్కువే కోసి పెట్టుకోండి. ఇరుసుల మధ్య దూరాన్ని పక్క నుంచి తీసిన ఫోటోలో స్కేలుతో కొలిచి, ఫోటోలోని బండి పొడవుతో భాగించి, 34.75తో హెచ్చవేయండి.

పక్క గోడలను నిటారుగా నిలపకండి, బండి చెక్కపెట్టెలా కనిపిస్తుంది. పై సగం లోపలికి వాలాలి. ర్యాంపును క్లాత్ టేపుతో అతికిస్తే తెరిచి మూయవచ్చు. సన్‌బోర్డ్‌కు ఫెవిక్విక్ పడుతుంది. థర్మోకోల్‌ను మాత్రం అది కరిగించేస్తుంది, స్ప్రే పెయింటు కూడా అంతే. రంగు ముదురు ఆలివ్ గ్రీన్, టైర్లకు మెరుపులేని నలుపు. పంజరం పెట్టాలంటే వెదురు పుల్లలను 3 మి.మీ. సందుతో వరసగా అంటించండి. ఈ స్కేలులో 85 మి.మీ. అంటే 4.25 మి.మీ. కాబట్టి సందు అంతకంటే తక్కువ ఉండాలి. జడ్జి అడిగితే ఆ లెక్కే చెప్పండి.